కట్టేసి రావాల్సిన కాగితం

ఆ కాగితాన్ని అక్కడే వదిలేసి రావాలని నాకెవరూ చెప్పలేదు.

మా ఆయన జపాన్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఎండాకాలంలో పాపను ఎత్తుకుని రెండు వారాలు వెళ్లొచ్చాను. ఒకరోజు కొండ మీద ఉన్న పాత షింతో గుడికి తీసుకెళ్లాడు. రాతి తొట్టిలోని నీళ్లతో చేతులు కడుక్కున్నాం. రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్లీ వంగి మొక్కాం. ఒక డబ్బాను ఊపితే పుల్ల బయటికి వచ్చింది. దాని మీది నంబరు చూసి నాకొక కాగితం ఇచ్చారు. పక్కనే తీగలకు అలాంటి కాగితాలు వందల కొద్దీ ముడేసి ఉన్నాయి. మన దగ్గరలాగే మొక్కుకున్నవాళ్లు ముడుపులు కట్టారనుకున్నాను. నాది మాత్రం దేవుడిచ్చింది కదా అని మా ఊరు ఎల్లారెడ్డికి తెచ్చి, కుంకుమ బొట్టు పెట్టి దేవుని గూట్లో ఉంచాను.

పోయిన వారం పాపకు జ్వరం వచ్చింది. రెండో రోజు ఆడబిడ్డ ఊరికే ఉండక ఆ కాగితానికి ఫోన్ పెట్టి తెలుగులో చదివింది. అది జోస్యం కాగితమట. కీడు అని ఉంది. రోగం తొందరగా తగ్గదని కూడా ఉంది.

"కీడును మోసుకొచ్చి బొట్టు గూడ పెట్టినవా?" అంది అత్తమ్మ. "గిది ఇంట్ల ఉండంగ ఏ మందు పనిచేస్తది?"

ఆయనకు ఫోన్ చేశాను.

"అరె, చెడ్డది వస్తే ఆడనే కట్టేసి రావాలె. చెప్పుడు మర్చిపోయిన," అని నవ్వాడు.

"ఫొటోలు దిగుడు మాత్రం మర్చిపోలేదు," అని పెట్టేశాను.

దవాఖానకు బయలుదేరబోతే అత్తమ్మ గుమ్మంలో నిలబడింది. "ఒక్క దినం ఆగు బిడ్డా. పొద్దుగాల పోచారం చెరువు నీళ్లల్ల ఇడిసొస్త. అటెనుక పోదువు."

ఆగాను. డిగ్రీ చదివిన నేను, పాప ఒళ్లు కాలుతుంటే, తడిగుడ్డ వేస్తూ ఆగాను.

మర్నాడు ఆమె కాగితం వదిలేసి, నాగిరెడ్డిపేట బస్సు దిగి వచ్చాకే కామారెడ్డి వెళ్లాం. డాక్టర్ చెవిలో లైటు వేసి చూశాడు. లోపల చీము పట్టింది. ఎన్ని రోజులైందని అడిగితే రెండని చెప్పాను. నిజానికి మూడు.

మందు పడ్డాక జ్వరం దిగింది.

"చూసినవా, కాయితం పోంగనే తగ్గింది," అంది అత్తమ్మ, పాప తల నిమురుతూ.

కాగితాన్ని నీళ్లలో వేసింది ఆమే, చెప్పడం మర్చిపోయింది ఆయనే. కానీ ఆ రోజంతా బస్సు ఎక్కకుండా పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది నేను.