చుక్క నీళ్లు లేవని రాసిన అర్జీ

పదో తరగతిలో మా కన్నడ మేష్ట్రు అలంకారాలు మొదలుపెట్టినాడు. మాకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఒకదాన్ని ఇంకోదానితో పోలిస్తే ఉపమ, రెండూ ఒకటే అనేస్తే రూపకం, ఉన్నదానికి మించి చెప్తే అతిశయోక్తి అన్నాడు. ఓస్, ఇంతేనా! మా అవ్వ నన్ను తిట్టేటప్పుడు ఒక్క గుక్కలో మూడూ వాడేది. వాటికి పేర్లుండాయని, పేర్లకు మార్కులుండాయని తెలిసి నాకు భలే సంబరమైంది. ఎవరేం మాట్లాడినా "ఇది ఉపమ, ఇది రూపకం" అని మధ్యలో దూరేదాన్ని. "నోరు మూస్తావా లేదా" అనేది అమ్మ.

ఆ ఏడు వానల్లేక శెనక్కాయ మొలిచిందే గానీ ఊడ దిగలేదు, కాయ పట్టలేదు. ఊళ్లో ఉన్న ఒక్క చేతిపంపూ ఎండిపోయింది. ఆడోళ్లు ఎండిపోయిన వంక ఇసకలో చెలమలు తవ్వుకొని, నీళ్లు ఊరేదాకా కాసుకొని, చిప్పతో తోడి బిందెలు నింపుకునేవాళ్లు. అమ్మకు నడుం నొప్పి. వంగితే లేవలేకపోయేది, అయినా తప్పేది కాదు. ఊరికి బోరు పడితే తప్ప ఆమె నడుం బాగుపడే దారి లేదని ఇంట్లో అందరికీ తెలుసు.

పెద్దోళ్లు బోరుకు అర్జీ పెట్టాలనుకున్నారు. అర్జీ కన్నడంలో ఉండల్ల. "మీ పాప బాగా రాస్తాదంట గదప్పా" అని మా నాయన దగ్గరికి వచ్చినారు. ఇంకేం, నా కాలు నేల మీద నిలవలేదు.

సూర్యుడు మా ఊరికి ఇల్లరికపుటల్లుడై కూర్చున్నాడని రూపకం రాసినాను. మా బావులు వట్టి కుండల మాదిరి నోళ్లు తెరుచుకోని ఉండాయని ఉపమ. నాలిక తడుపుకునేదానికి చుక్క నీళ్లు లేవు, కన్నీళ్లే తాగుతాండామని అతిశయోక్తి. రచ్చకట్ట మీద తెలుగులో చదివి చెప్తే ఒక ముసలాయన కండ్లు తుడుచుకున్నాడు. మేష్ట్రు మాత్రం "బాగుండాదమ్మా, కానీ ఇది అర్జీ గదా" అన్నాడు. ఈయప్పకు కుళ్లు అనుకున్నాను.

నెల తిరక్కుండానే ఒక ఆఫీసరు జీపులో వచ్చినాడు. మంచి ఎండపూట. అర్జీ రాసిన పాప ఇల్లు యాడ అని కనుక్కొని మా అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ అప్పుడే వంక నుంచి వచ్చి బిందె దించింది. కొంగుతో మొగం తుడుచుకొని, ఆ బిందెలో నుంచే చెంబు నిండా ముంచి ఆయనకిచ్చింది. మా పక్క అంతే, ఇంటికొచ్చిన మనిషికి ముందు నీళ్లు, ఆ తర్వాతే మాట. ఆయన గటగటా తాగి ఇంకో చెంబు అడిగినాడు. అదీ ఇచ్చింది. డ్రైవరుకూ ఇచ్చింది.

ఆయన మూతి తుడుచుకొని నా అర్జీ బయటికి తీసినాడు. "చుక్క నీళ్లు లేవని రాసినావే, మరి ఇవేంది?" అన్నాడు. నాయన చెలమల సంగతి చెప్పబోతే, "మీరు రాసేదంతా ఇట్లాంటిదే" అని లేచినాడు. వంక దాకా రానేలేదు.

జీపు పోయినాక అమ్మ మీద ఎగిరినాను. "ఎందుకిచ్చినావు? ఒక్క పూట లేవంటే నీ సొమ్మేం పోయేది?"

"బిందె ఎదురుగా పెట్టుకోని లేవని ఎట్ల చెప్పేదే?" అని, తగ్గిన బిందెత్తుకొని అమ్మ మళ్లా వంకకు పోయింది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

మేష్ట్రుకు జరిగింది చెప్పినాను. ఆయన తిట్టలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేది కూడా ఒక అలంకారమే, దాన్ని స్వభావోక్తి అంటారన్నాడు. "అన్నిటికన్నా అదే కష్టం. పోయి ఒక పూట మీ అమ్మ పక్కన కూర్చో" అన్నాడు.

కూర్చున్నాను. చూసింది చూసినట్టు రెండో అర్జీ రాసినాను. అమ్మ చెలమ దగ్గర మోకాళ్ల మీద కూర్చుంటాది. చిప్ప మునిగేంత నీళ్లు ఊరేదాకా కదలదు. లేచేటప్పుడు నడుం పట్టుకొని కాసేపు అట్లనే నిలబడతాది. బిందె నిండేసరికి పొద్దు నెత్తి మీదికొస్తాది. చివర్న ఒక మాట చేర్చినాను. మీ ఆఫీసరు మా ఇంట్లో తాగింది ఆ బిందెలో నీళ్లే అని.

అమ్మకు చదివి వినిపించినాను. చివరి మాట దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది. "అది కొట్టేయ్. తాపిన నీళ్లు ఎత్తి చూపుతారా ఎవరన్నా?"

"అసలు మాట అదేనమ్మా!" అని అరిచినాను.

"నా నడుం గురించి ఎంతన్నా రాసుకో. అది మాత్రం వద్దు."

కొట్టేసినాను. ఆ మాట లేకుండానే అర్జీ పోయింది. జవాబు రాలేదు. మూడేండ్లకు గానీ ఊళ్లో బోరు పడలేదు, అప్పటికి అమ్మ బిందె ఎత్తే స్థితిలో లేదు. ఆ వాక్యం ఉండుంటే ఏమన్నా కదిలేదేమోనని నాకు ఇప్పటికీ కడుపు మండుతాది. ఇన్నేండ్లకు ఈ రోజు దాన్ని మళ్లా కాగితం మీద పెట్టినాను. అమ్మ ఉంటే, ఇప్పుడు కూడా కొట్టేయమనే అనేది.