ఉత్త ఫ్లాష్

బోధన్ ఫొటోగ్రాఫర్ జహూర్ కుడిచేతి బొటనవేలిని గమనిస్తే, పెళ్లిలో ఎవరి విలువ ఎంతో తెలిసిపోయేది. అయితే పెళ్లిలో బొటనవేలిని ఎవరు గమనిస్తారు? అందరూ లైటు వంకే చూస్తారు.

అప్పట్లో రోల్‌కు ముప్ఫై ఆరు ఫొటోలు. పెళ్లివారు మాట్లాడుకునేది మహా అయితే రెండు రోళ్లు. వచ్చే చుట్టాలు ఐదారు వందల మంది. వాళ్లలో జంట పక్కన నిలబడి ఫొటో దిగితే తప్ప అన్నం ముట్టనివాళ్లు తక్కువలో తక్కువ రెండు వందలు. పెళ్లి ఫొటో తీపిగుర్తు అని ఊరంతా అంటుంది గానీ, మండపం మీద జరిగే తోపులాట చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు.

దీనికి జహూర్ కనిపెట్టిన మందు ఉత్త ఫ్లాష్. ఫ్లాష్‌లైటు వెనక చిన్న మీట ఉంటుంది. అది నొక్కితే లైటొక్కటే మెరుస్తుంది. కెమెరా కన్ను తెరవదు, ఫిల్ము కదలదు. మనిషికి మాత్రం కడుపు నిండిపోతుంది. క్లిక్కుమందా లేదా అంటే, బ్యాండువాళ్ల మోతలో పక్కవాడి తిట్లే వినబడవు. తీరా ఆల్బం వచ్చాక ఏ పెద్దమనిషో నా ఫొటో ఏదని నిలదీస్తే, జహూర్ గొంతు తగ్గించేవాడు.

"కండ్లు మూసినవు కాకా. గది పెడితే నలుగుట్ల నీ ఇజ్జత్ పోతదని నేనే తీసి పక్కన పెట్టిన."

కాకా ఇంకో చాయ్ తాగించి మరీ పోయేవాడు.

ఇలా మిగిల్చిన ఫిల్ముతో అతను బంగళాలేమీ కట్టలేదు. పెళ్లి ముగిశాక రోల్‌లో రెండో మూడో ఫొటోలు మిగిలేవి. సైకిల్ మీద ఇంటికి వస్తూ వీధిలో వాటిని ఖర్చుపెట్టేవాడు. తన కుర్చీలోనే నోరు తెరిచి నిద్రపోతున్న మంగలి, నెత్తిన మంచం పెట్టుకుని సైకిల్ తొక్కుతున్న మనిషి, బీడీ కట్టలు పనికిరావన్న గుమాస్తా ముక్కు కింద బీడీల చాట ఆడిస్తున్న ఆడవాళ్లు. వీటినెవరూ అడగలేదు, కొనలేదు. అయినా జహూర్‌కు ఇవే ప్రాణం. వీధిలో ఎవరూ పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడరు. అతని భార్య వాజిదా ఆ నెగెటివ్‌లను కాగితం కవర్లలో పెట్టి, మీద తేదీ రాసి, పాత బిస్కెట్ డబ్బాల్లో దాచేది.

ఉత్త ఫ్లాష్‌లు అందరికంటే ఎక్కువ తిన్నవాడు కోటగిరి లక్ష్మీరాజం పటేల్. ముప్ఫై ఎకరాల చెరుకు, దానికి తగ్గ మీసం. ఎవరింట పెళ్లయినా జంట వెనక సరిగ్గా మధ్యలో నిలబడతాడు. ఒకసారి పెళ్లికూతురి తండ్రినే మోచేత్తో పక్కకు నెట్టాడు. ఆ రోజే జహూర్ లోలోపల ఒట్టు పెట్టుకున్నాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్లలో పటేల్ మీద ఒక్క అంగుళం ఫిల్ము ఖర్చు కాలేదు. ఆయన ముందు నిలబడితే ఉత్త ఫ్లాష్, ఆయన పక్కకు తిరిగాక అసలు ఫొటో.

ఎనభై ఆరులో చెరుకు రైతుల సంఘానికి ఎన్నికలొచ్చాయి. పటేల్ అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. షుగర్ ఫ్యాక్టరీ ముందు చెరుకు బండ్లు రోజుల తరబడి వరసలో ఉంటాయి. దారిన పోయేవాళ్లు, బడి పిల్లలు తలా ఒక గడ గుంజుకుని నములుకుంటూ పోతారు. తాను గెలిస్తే గేటు ముందు కాపలా పెట్టిస్తానని, గడ గుంజిన ప్రతి చేతినీ పట్టిస్తానని పటేల్ ఊరూరా చెబుతున్నాడు. ఒకరోజు పొద్దున్నే స్టూడియో ముందు జీపు దిగాడు. తలకు, మూతికి కలిపి తువ్వాల చుట్టి ఉంది.

"జహూరూ, కరపత్రం మీదికి నా ఫొటో గావాలె. ఎల్లుండి నిజామాబాద్‌ల అచ్చుకు బ్లాకు చేపియ్యాలె. గిన్నేండ్ల సంది తీసినవు గద, మంచిదొకటి దియ్యి."

జహూర్ గబగబా కుర్చీ లాగాడు. "పాతయెందుకు పటేలా, కూసో, ఇప్పుడే కొత్తది తీస్త."

పటేల్ తువ్వాల తీశాడు. నున్నటి గుండు, మీసం కూడా లేదు. గెలిస్తే ఇస్తానని వేములవాడలో మొక్కిన జుట్టును దేవుడికి అడ్వాన్సుగా ఇచ్చేసి వచ్చాడు.

"గీ గుండుతోని ఓట్లు పడ్తయా? ఇంట్ల ఉన్నదేమో నా లగ్గం నాటి ఫొటో. గప్పుడు మీసమే మొలవలే. నీ కాడ వందన్న ఉంటయి, ఎతుకు."

జీపు వెళ్లిపోయాక జహూర్ స్టూలు మీద కూలబడ్డాడు. లేవని చెబితే, మెరిసిన మెరుపులన్నీ ఏమయ్యాయని పటేల్ అడుగుతాడు. పటేల్ అడిగితే కోటగిరి అడుగుతుంది, కోటగిరి అడిగితే బోధన్ అడుగుతుంది. ఆ తర్వాత అతన్ని పెళ్లికి కాదు గదా, పాసుపోర్టు ఫొటోకు కూడా ఎవరూ పిలవరు.

"అబ్ క్యా కర్తే జీ, ఇప్పుడెట్ల?" అంది వాజిదా, అప్పటికే డబ్బాలు దించుతూ.

మధ్యాహ్నం దాకా ఇద్దరూ నెగెటివ్‌లను వెలుతురుకు పట్టి చూశారు. పెళ్లిళ్లలో పటేల్ చెవి ఒకటి దొరికింది, భుజాలు మూడు దొరికాయి. చివరికి వీధి ఫొటోల కవర్లో వాజిదాకు మనిషి మొత్తం దొరికాడు. ఒక్క క్షణం చూసి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

రెండేళ్ల కిందటి ఫొటో. ఫ్యాక్టరీ రోడ్డు, బండ్ల వరస. పటేల్ ఎవరిదో బండిలోంచి గుంజిన చెరుకు గడను రెండు చేతులా పట్టుకుని, పంటితో చెక్కు చీల్చబోతూ నోరంతా తెరిచి ఉన్నాడు. ముఖంలో బడి ఎగ్గొట్టిన పిల్లవాడి సంతోషం. తీసిన సంగతి జహూరే మరిచిపోయాడు. పటేల్ మనస్ఫూర్తిగా ఆనందించిన ఫొటో లోకంలో అదొక్కటే.

డార్క్‌రూములో జహూర్ బండిని కోసేశాడు, ఎద్దులను కోసేశాడు, చేతులను కూడా కోసేశాడు. నోటి ముందున్న గడ కొసను మాత్రం ఏ కత్తిరింపూ తీయలేకపోయింది. దాని చుట్టూ బ్రష్షుతో కొంచెం నల్లరంగు అద్దాడు. ఆరాక చూస్తే, పటేల్ మైకు ముందు నిలబడి గర్జిస్తున్నాడు.

"గిదెక్కడ తీసినవురా?" అన్నాడు పటేల్ ఫొటోను దూరంగా, దగ్గరగా పెట్టి చూసుకుంటూ.

"ఫ్యాక్టరీ గేటు కాడ, పటేలా," అన్నాడు జహూర్. అందులో అబద్ధం ఏమీ లేదు.

పటేల్ కళ్లు మూసుకుని తలూపాడు. "ఆఁ, యాదికొచ్చింది. ఆ దినం మస్తు మాట్లాడిన. జనం కదల్లేదు."

రెండు వేల కరపత్రాలు ఊళ్లకు పోయాయి. కింద పెద్ద అక్షరాల్లో, చెరుకు దొంగలకు ఇక చెల్లు!

నాలుగో రోజు పటేల్ భార్య గంగమణి ఒక్కతే స్టూడియోకు వచ్చింది. బల్ల మీద కరపత్రం పరిచి, ఫొటో మీద వేలు పెట్టింది.

"మైకుకు కణుపులుంటయా, తమ్మీ?"

జహూర్ కరపత్రాన్ని మడవబోయాడు. ఆమె వేలు తీయలేదు.

"రెండేండ్ల కింద ఫ్యాక్టరీ కాడికి పోయొచ్చి, పన్ను నొస్తుందని పండుకున్నడు. అటుకులు తిన్న, రాయి తగిలింది అన్నడు. నాకు పూరా ఫొటో గావాలె."

"అక్కా, పటేల్‌కు తెలిస్తే..."

"ఆయనకు గిన్నేండ్ల సంది ఉత్త లైటే కొడ్తున్నవని తెలిస్తేనో?" గంగమణి బల్ల మీది కెమెరాను కళ్లతోనే చూపించింది. "ఫొటో తీసినంక ఫిల్ము జరపనీకి నీ బొటనేలు గీ మీటను గిర్రున తిప్పుతది. మా ఆయన నిలబడ్డప్పుడు ఎన్నడన్న తిరిగిందా?"

"ఎప్పటి సంది తెలుసక్కా?"

"మా అక్క బిడ్డ లగ్గం సంది. నాలుగేండ్లాయె."

"మరి చెప్పలే?"

"చెప్తే నిజంగ తీస్తవు. ఊర్ల ప్రతి ఆల్బంల గా మొఖమే సూడాల్నా నేను?"

వాజిదా తెర వెనక నుంచి వచ్చి ఆమెకు కుర్చీ వేసింది. పూరా ఫొటో పెద్ద సైజులో తయారైంది. పోతూ పోతూ గంగమణి షరతు చెప్పింది. ఇకనుంచి పెళ్లిళ్లలో తాను నిలబెట్టినవాళ్లకు బొటనవేలు తిరగాలి.

పటేల్ గెలిచాడు. మొదటి మీటింగు రోజు పొద్దున గడ్డం గీసుకుందామని అద్దం తీస్తే, దాని వెనక నుంచి ఒక ఫొటో జారి కింద పడింది. ఆ మధ్యాహ్నం కాపలాదారు సంగతి వచ్చేసరికి అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "పోరగాండ్లు ఒక గడ తింటే ఫ్యాక్టరీ మునుగుతదా? తిననియ్యుండ్రి." ఆయనది ఎంత పెద్ద మనసో అని జనం నెల రోజులు చెప్పుకున్నారు. జనానికి పెద్ద మనసులంటే భలే ఇష్టం, అవి ఎక్కడి నుంచి వస్తాయో అడగరు.

అప్పటినుంచి జహూర్ కెమెరా ఎత్తితే పటేల్ తనంతట తానే స్తంభం వెనక్కి జరిగేవాడు. ఖాళీ అయిన చోటును గంగమణి ఆక్రమించింది. ఆ చైత్రంలో కోటగిరిలో జరిగిన పెళ్లికి పదకొండు మంది ఆడవాళ్లను వెంటేసుకుని మండపం ఎక్కింది. వంటలక్క కూడా గరిటెతో సహా వచ్చింది.

"తమ్మీ, బొటనేలు!" అని గంగమణి అరిచింది.

ఎందుకో తెలియకపోయినా అందరూ నవ్వారు. మీట గిర్రుమంది. మళ్లీ అరిచింది, మళ్లీ గిర్రుమంది. పొద్దు వాలేసరికి రెండు రోళ్లూ అయిపోయాయి, వీధికి ఒక్క ఫొటో కూడా మిగల్లేదు.

జహూర్ లోలోపల గొణుక్కుంటూ ఫ్యాక్టరీ రోడ్డు మీదుగా సైకిల్ తొక్కుతున్నాడు. మసక చీకట్లో బండ్ల వరస. కొసన ఉన్న బండి పక్కన ఒక ఆకారం అటూ ఇటూ చూసి, చెయ్యి చాచి, నింపాదిగా ఒక గడ గుంజింది. జుట్టు మళ్లీ పెరిగింది, మీసం కూడా.

జహూర్ సైకిల్ దిగాడు. కెమెరాలో ఫిల్ము లేదు. అయినా ఎత్తి, ఫ్లాష్ వెనకున్న మీట నొక్కాడు.

రోడ్డంతా ఒక్కసారి తెల్లబడింది. చెరుకు రైతుల సంఘం అధ్యక్షుడు గడను అక్కడే పారేసి, రెండు చేతులతో ముఖం కప్పుకుని బండి చాటుకు దూకాడు.

జహూర్ ఆ గడ ఏరుకుని, సైకిల్ హ్యాండిల్ మీద అడ్డంగా పెట్టుకుని ఇంటికి బయల్దేరాడు. వాజిదా పళ్లు గట్టివి.