గోలీకి వీడ్కోలు చెప్పిన ఆదివారం

నా చిన్నప్పుడు, అరోరా అనే ఊళ్ళో మేమున్న వీధిలో ఐస్ హాకీ పిచ్చి ఉన్న తెలుగువాళ్ళం ఇద్దరమే. ఒకదాన్ని నేను, నాకు పదేళ్ళు. రెండోవారు పక్కింటి డాక్టరు మామ్మ, ఆవిడకి డెబ్బై దాటాయి. నాన్న హెచ్‌వన్ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వస్తే, ఆయన వెంట అమ్మా నేనూ వచ్చాం. మామ్మ మాకంటే ఎంతో ముందే గుంటూరు నుంచి వచ్చి, పెద్దాసుపత్రిలో పిల్లలకి ఆపరేషన్ల ముందు మత్తు ఇచ్చే డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. నేత చీర మీద మందపాటి కోటు, కాళ్ళకి మంచు బూట్లు వేసుకుని సిటీలో మ్యాచ్‌లకి ఒక్కరే వెళ్ళొచ్చేవారు. ఆవిడ ఇంట్లో టీవీ ముందు కూర్చునే నేను ఆ ఆట నేర్చుకున్నాను.

మా పిల్లల జట్టులో నేను గోలీని. అంటే వలకి కాపలా కాసే మనిషిని. స్కేటింగ్ అంతంత మాత్రంగా వచ్చేవాళ్ళని అక్కడ నిలబెడితే సరిపోతుందని మా కోచ్ అనుకున్నట్టున్నాడు. కానీ నాకా చోటు నచ్చింది. అందరూ అటూ ఇటూ దూసుకుపోతుంటే నేనొక్కదాన్నీ నా చోట నిలబడి, పక్ అనే ఆ నల్ల రబ్బరు బిళ్ళ ఎప్పుడొస్తుందా అని కాచుకోవడంలో ఏదో గొప్ప ఉందనిపించేది.

ఒక శనివారం ఆ గొప్పంతా పోయింది. అవతలి జట్టు పిల్లవాడు ఎక్కడో సగం దూరం నుంచి ఊరికే నెట్టిన పక్, నేను చూస్తుండగానే మెల్లగా జారుకుంటూ వచ్చి, నా కాళ్ళ మధ్య నుంచి వలలోకి పోయింది. కాసేపటికి అంతకంటే తేలికైనది ఒకటి వస్తే ఆపాను. అప్పుడు అవతలి పిల్లల అమ్మానాన్నలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అవి మెచ్చుకోలు చప్పట్లు కావు. నవ్వులు కూడా వినపడ్డాయి. ఆ తర్వాత నాకు పక్ కనబడలేదు. కాళ్ళ మధ్య నుంచి పోయిన ఆ ఒక్కటే కళ్ళ ముందు ఆడుతూ ఉంటే, వచ్చినవన్నీ లోపలికి పోయాయి.

కార్‌లో, "నాకింక గోలీ వద్దు, క్విట్ చేస్తా" అన్నాను. అమ్మకి లోలోపల సంతోషమే. "పోనీలే, శనివారాలు డాన్స్ క్లాస్‌కి వెళ్దువు గాని" అంది. సోమవారం కోచ్‌కి ఫోన్ చేసి చెప్పేస్తానని నాన్న మాటిచ్చారు. ఆ సాయంత్రమే అమ్మ ఆ సంగతి పక్కింటి మామ్మకీ చెప్పింది.

ఆ శనివారానికి నాలుగు రోజుల ముందే, సిటీ జట్టుకి ఒకప్పుడు గోలీగా ఆడిన ఆయన చనిపోయారు. ఆయన ఆట మానేసి చాలా ఏళ్ళయింది. నేను ఆయన్ని పాత వీడియోల్లో తప్ప చూడలేదు. అయినా మా స్కూల్లో టీచర్లు కూడా ఆయన గురించే మాట్లాడుకున్నారు. మర్నాడు, ఆదివారం మధ్యాహ్నం, అభిమానుల కోసం స్టేడియం తెరిచి ఉంచుతారని తెలిసి, డాక్టరు మామ్మ మా ఇంటికొచ్చారు.

"అమ్మడిని నాతో పంపమ్మా. ఈ మంచులో డ్రైవ్ చేయాలంటే పక్కన మనిషి ఉండాలి. ఎగ్జిట్ బోర్డులు చదివి పెడుతుంది" అన్నారు అమ్మతో.

నేను పుట్టక ముందు నుంచే ఆ రోడ్ల మీద, అంతకంటే పెద్ద మంచులో డ్రైవ్ చేసిన మనిషికి బోర్డులు చదివిపెట్టేవాళ్ళు ఎందుకో అమ్మకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

స్టేడియంలో ఐస్ మీద ఆటగాళ్ళు లేరు. ఒక చివర వల ఒక్కటే ఉంది. దాని ముందు పూలు, హాకీ కర్రలు, పాత గ్లవ్స్, చిన్నపిల్లలు గీసిన బొమ్మలు. ఒక పక్కన మైక్ పెట్టారు. ఎవరికి ఏం చెప్పాలనిపిస్తే అది చెప్పొచ్చు. జనం వరసలో నిలబడి ఒక్కొక్కరే చెబుతున్నారు. అంత పెద్దవాళ్ళు అంతమందిలో అలా ఏడవడం నేను చూడటం అదే మొదలు.

తెల్లగడ్డం ఉన్న భారీ మనిషి ఒకాయన ఒక మ్యాచ్ గురించి చెప్పాడు. ఆ రోజు గోలీ పసివాడు కూడా ఆపగలిగే పక్‌ని వదిలేశాడట. "తర్వాత ఒక చిన్నదాన్ని ఆపితే మేమంతా వెక్కిరిస్తూ చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. ఆయన మాస్క్ పైకెత్తి, కాసిని నీళ్ళు తాగి, మళ్ళీ దించుకున్నాడు. ఇంక ఒక్కటీ వదల్లేదు. ఇంటికెళ్ళేటప్పటికి, ఆయన పేరు అరిచీ అరిచీ నాకు గొంతు పోయింది" అన్నాడు.

నేను తలెత్తి చూశాను. అంతటి ఆయనకి కూడా అలా చప్పట్లు కొట్టారని నాకు తెలియదు.

అప్పుడు మామ్మ తన హ్యాండ్‌బ్యాగ్ నా చేతిలో పెట్టి మైక్ దగ్గరికి నడిచారు. ఎన్నేళ్ళున్నా గుంటూరు యాస వదలని ఇంగ్లీషులో మాట్లాడారు. ఆవిడ చెప్పింది నాకింకా తెలుగులోనే గుర్తుంది.

ఆవిడ ఈ దేశానికి కొత్తగా వచ్చిన రోజుల్లో, ఒక ఉదయం, ఆపరేషన్ బల్ల మీదే ఒక పసివాడు పోయాడు. ఎవరి తప్పూ లేదు. గుండె తట్టుకోలేకపోయింది, అంతే. వెంటనే ఇంకో పాపకి ఆపరేషన్ ఉంది. మామ్మ వరండాలో కూర్చుండిపోయారు. వేరే డాక్టర్ని పంపమని అడిగి ఇంటికి వెళ్ళిపోదామని, అసలు ఇండియాకే తిరిగి వెళ్ళిపోదామని అనుకున్నారు. జబ్బు పిల్లల్ని పలకరించడానికి వచ్చిన ఒక పొడుగాటి కుర్రాడు ఆవిడ ఎదుట ఆగి, ఏమైందని అడిగాడు. ఆవిడ చెప్పేశారు. అతను వచ్చి పక్కన కూర్చున్నాడట.

తర్వాత అన్నాడట: "మాది ఆట, డాక్టర్. మీది ప్రాణాలతో పని. రెండూ ఒకటి కాదు. కానీ నాకు ఒక సంగతి తెలుసు. తర్వాత వచ్చే పక్‌కి, ముందుది లోపలికి పోయిందని తెలియదు. నేను కూడా దాన్ని కొత్తగానే చూడాలి. లోపల ఉన్న పాపకి మీరు ఇప్పుడే వచ్చిన డాక్టరు."

"లేచి చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాను" అన్నారు మామ్మ. "ఆ పాప బతికింది. పోయిన బిడ్డని మర్చిపొమ్మని ఆయన అనలేదు. ఇంటికి వెళ్ళాక ఆ బిడ్డ కోసం ఏడ్చాను. ఆయన సిటీ జట్టు గోలీ అని తర్వాత ఒక నర్సు చెబితే తెలిసింది. ఆ వారమే మ్యాచ్‌కి టికెట్ కొనుక్కున్నాను. థాంక్యూ చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టింది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కర్రలు తెచ్చుకున్నవాళ్ళు వాటితో నేల మీద తట్టడం మొదలుపెట్టారు. హాకీలో అది గౌరవం. ఆ చప్పుడు స్టేడియం అంతా పాకింది.

తిరుగు దారిలో అడిగాను. "మామ్మా, నాకు చెప్పాలనే తీసుకొచ్చావా?"

"నీకెందుకు చెబుతానే? ఆయనకి చెప్పడానికి వచ్చాను" అన్నారు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. "ఎగ్జిట్ వస్తోంది, బోర్డు చూడు."

ఇంటికి రాగానే, కోచ్‌కి ఫోన్ చేయొద్దని నాన్నకి చెప్పాను. అమ్మ మొహం చిన్నబుచ్చుకుంది కానీ కాదనలేదు. ఆ తర్వాతి శనివారం అద్భుతమేమీ జరగలేదు. మొట్టమొదట వచ్చిన పక్ లోపలికే పోయింది. మాస్క్ ఎత్తి నీళ్ళు తాగాను. దించుకున్నాను. రెండోది వస్తుంటే, ఎంత స్పష్టంగా కనబడిందో! దాని అంచు మీద గీతలు కూడా చూశాననిపించింది. ఆపాను. మ్యాచ్ ఓడిపోయాం. హైస్కూల్ అయ్యేదాకా ఆ చోటు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

ఇప్పుడు ఇక్కడి తెలుగు పిల్లలు నన్ను ఆంటీ అంటున్నారు. నేను అంబులెన్సు కోసం, పోలీసుల కోసం జనం చేసే ఎమర్జెన్సీ ఫోన్లు తీసే ఉద్యోగం చేస్తున్నాను. కొన్ని ఫోన్లు మంచిగా ముగియవు. అలాంటివాటి కోసం ఇంటికొచ్చి ఏడ్చిన రోజులున్నాయి. కానీ హెడ్‌సెట్ పెట్టుకుని ఉన్నంతసేపూ నా గొంతు వణకదు. లైన్‌లోకి వచ్చే తల్లికి అంతకు ముందు ఏం జరిగిందో తెలియదు. ఆమె చేతిలో ఊపిరాడని బిడ్డ ఉంది. ఆమెకి నేను ఇప్పుడే ఫోన్ ఎత్తిన మనిషిని. "నేనున్నాను, చెప్పమ్మా" అంటాను. ఆ మాటలో ఏమాత్రం అబద్ధం ఉండదు.