వేలి కింద సిర

రిటైరవడానికి ఆరేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, మెట్టుగూడ వైపున్న ఒక ఆసుపత్రి ల్యాబులో నన్ను యంత్రాల గది నుంచి రక్తం తీసే గదికి మార్చారు. హోదా సీనియర్ టెక్నీషియన్. ఎవరో తీసి పంపిన రక్తాన్ని యంత్రానికి అందించి అంకెలు చూసుకోవడమే ఏళ్ల తరబడి నా పని. యాభై దాటాక మళ్లీ సూది పట్టుకోమంటే ఒళ్లు మండింది. నిజం చెప్పాలంటే భయం వేసింది.

ఆ గదికి ఒక నియమం ఉంది. ఒక మనిషికి ఒకరు రెండుసార్లే గుచ్చాలి. రెండూ తప్పితే ఇంకొకరికి అప్పగించాలి. మూడో వారంలో ఒక ఉదయం, ఆ ఇంకొకరు సెలవు పెట్టారు.

ఆ రోజే యాదమ్మ వచ్చింది. సీతాఫల్‌మండిలో పూలు కట్టి అమ్మే మనిషి, అరవై దాటి ఉంటాయి. క్యాన్సర్ మందు ఎక్కించుకునే రోజు. ముందుగా రక్తకణాల లెక్క పదిన్నరకల్లా డాక్టరు చేతికి అందాలి. అందకపోతే మందు వచ్చే వారానికి వాయిదా. అప్పటికి తొమ్మిదిన్నర.

జబ్బకు రబ్బరు పట్టీ కట్టి, ముంజేతి మీద నీలంగా కనబడుతున్న సిరలో గుచ్చాను. అది పక్కకు జారిపోయింది. ట్యూబులోకి చుక్క రాలేదు. క్షమించమన్నాను.

"గా నీలంది గట్లనే జారుతది బిడ్డా. మోచేతి కాడ, బయటి దిక్కు ఇంకోటి ఉంటది," అంది.

ముందే చెప్పొచ్చు కదమ్మా అన్నాను, కాస్త చిరాగ్గానే.

"ఎవ్వరడిగిన్రు?"

నాకు సిగ్గేసింది. మళ్లీ జబ్బకు పట్టీ కట్టి, ఆమె చెప్పిన చోట చూశాను. ఏమీ కనబడలేదు. నా తంటాలు చూసి ఆమె నవ్వింది.

"పూలు కట్టేటప్పుడు నేను పూల దిక్కు చూడ. వేళ్లకే తెలుస్తది. జెర కండ్లు మూస్కో."

మూసుకున్నాను. ఫ్యాను చప్పుడు దూరమైంది. స్టేషన్ వైపు వెళ్తున్న రైలు ఎక్కడో నీళ్లలో నడుస్తున్నట్టు వినిపించింది. ఆమె చేతి నుంచి సన్నగా మల్లెల వాసన. గ్లవ్ తొడిగిన చూపుడు వేలు కింద ముందు ఒక గట్టి తాడు తగిలింది. అది స్నాయువు, నొక్కినా లొంగదు. వేలు ఇంకాస్త బయటికి జరిపాను. నొక్కితే మెత్తగా దిగి, వదలగానే పైకి తేలింది. కొట్టుకోవడం లేదు కనుక ధమని కాదు. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. పట్టీ నిమిషానికి మించి ఉంచకూడదు కాబట్టి నిమిషం కూడా అయి ఉండదు. కానీ ఒక మధ్యాహ్నమంతా గడిచినట్టుంది.

కళ్లు తెరిచి, వేలు చెప్పిన చోటే గుచ్చాను. ఊదారంగు మూత ట్యూబు నిండింది. పది దాటాక రిపోర్టు వెళ్లింది. ఆ రోజు ఆమెకు మందు ఎక్కించారు.

తర్వాతి ఆరేళ్లూ ఆ గదిలోనే పనిచేశాను. దొరకని సిరలున్న వాళ్లను నా దగ్గరికే పంపేవారు. సూది తీయకముందే అడిగేదాన్ని, ఎక్కడ దొరుకుతుందో మీకేమైనా తెలుసా అని. చాలామందికి తెలుసు.

కంటికి కనబడే సిరే మంచి సిర అని ట్రైనింగు రోజుల నుంచీ నమ్మాను. అది తప్పని నేర్పింది యాదమ్మ. కనబడని సిరను తడిమి పట్టగల వేళ్లు మాత్రం అంతకాలమూ నా దగ్గరే ఉన్నాయి.