తెరుచుకోని మార్కుల మెమో

మీరు తయారుచేసిన ఫారం ఒక మనిషిని వెనక్కి పంపినప్పుడు, ఆ మనిషి తర్వాత ఏం చేసిందో ఎప్పుడైనా కనుక్కున్నారా? నేను కనుక్కోలేదు. తెలిసినప్పుడేమో నోరు మూసుకున్నాను.

అమెరికాలోని బెంటన్‌విల్‌లో మా తెలుగు సంఘం ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో ఒకే ఒక్క సీటు స్పాన్సర్ చేసింది. భర్తల వెంట డిపెండెంట్ వీసా మీద వచ్చి, చదువు ఉండీ ఇంట్లో ఉండిపోయిన ఆడవాళ్ల కోసం. ఆన్‌లైన్ దరఖాస్తు ఫారం చేసే పని నాకు అప్పగించారు. ఒక శనివారం మధ్యాహ్నం కూర్చుని ముగించేశాను. సర్టిఫికెట్లు పీడీఎఫ్‌లోనే పంపాలని పెట్టాను. అందుకు నేను రాసిన తనిఖీ, ఫైల్ పేరు చివర పీడీఎఫ్ అని ఉందా లేదా అని చూడటం. అంతే. లోపల ఏముందో అది చూడదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆఫీసులో కోడ్ అలా రాస్తే నిలదీస్తారు కాబట్టి అక్కడ రాయను. సంఘానికి ఇది చాలనుకున్నాను.

ఇదే సంఘంలో నేను పేరున్న హేతువాదిని. వీసా కాగితాలు పంపడానికి రాహుకాలం చూసుకునే ఇంజనీర్లను, విందుల్లో చేతిలోని ప్లేటులో తిండి చల్లారిపోయేదాకా నిలబెట్టి వాదించినవాణ్ని. పైన రాసి ఉన్నదాన్ని నమ్మకండి, విప్పి చూడండి అని ఎన్నిసార్లు అన్నానో.

గడువు చివరి రోజు లంచ్ టైములో ఫోన్ వచ్చింది. మా అపార్ట్‌మెంట్స్‌లోనే ఉండే ఆవిడ. కరీంనగర్‌లో జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పిన మనిషి. ఇక్కడికొచ్చిన ఆరేళ్లుగా ఇంట్లోనే ఉంది.

"అన్నా, నీ ఫారం నా మెమో తీస్కుంటలేదు. ఇన్‌వాలిడ్ ఫైల్ అంటుంది. పొద్దుగాల నుంచి పదిసార్లు పెట్టిన."

"ఫోన్‌తో ఫొటో తీశారా అక్కా?"

"మరి స్కానర్ యాడుంది? లైబ్రరీకి పోదామంటే కారు మా ఆయన తీస్కపోయిండు."

"ఫొటో తీసుకోదు అక్కా. పీడీఎఫ్ కావాలి."

"ఆ ముక్క నీ ఫారమే చెప్పొచ్చు గదా! ఇన్‌వాలిడ్ అంటే నా డిగ్రీ చెల్లదేమో అనుకున్న."

నవ్వాను. మీటింగుకు మూడు నిమిషాలు ఉంది. "ఒక పని చేయండి. ఫైల్‌ని రీనేమ్ చేసి చివర డాట్ పీడీఎఫ్ అని పెట్టండి. తీసేసుకుంటుంది."

"గంతేనా? పేరు మారిస్తే అయిపాయె?"

"అంతే అక్కా."

ఫారం తీసుకుంది. ఆవిడ నాకు వరసగా నాలుగు దండాల ఎమోజీలు పంపింది.

పేరు మారిస్తే ఫొటో పీడీఎఫ్ అయిపోదు. వారం తర్వాత కమిటీ జూమ్ కాల్‌లో ఆ ఫైల్ నొక్కితే తెరుచుకోలేదు.

"ఇదేంటండీ, ఏదో డమ్మీ ఫైల్ పెట్టేసినట్టున్నారు" అన్నారు కార్యదర్శి.

"మార్కులు చూపించుకునేలా లేవేమో లెండి" అని ఇంకొకాయన నవ్వాడు.

అధ్యక్షురాలు నన్నే అడిగారు: "మన వైపు ప్రాబ్లమ్ ఏమైనా ఉందా?"

"ఫారం బాగానే పనిచేస్తోందండీ" అన్నాను.

అది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను. రాసినట్టే పనిచేసింది కదా. గంటల తరబడి వాదించే నోటికి ఆ రోజు ఒక్క నిజం పలకడం చేతకాలేదు. సీటు మరొకరికి వెళ్లింది.

తర్వాత తొమ్మిది రోజులు ఏమీ ఎరగనట్టు తిరిగాను. మధ్యలో ఫారం సరిచేశాను. ఇప్పుడది ఫొటోలు కూడా తీసుకుంటుంది, లోపల చూస్తుంది, తిప్పి పంపితే ఎందుకో తెలుగులో చెబుతుంది. కానీ సరిచేయడం, ఒప్పుకోవడం రెండూ ఒకటి కావు. పదో రోజు జరిగిందంతా కమిటీకి మెయిల్ రాసి, పార్కింగ్ లాట్ దాటి ఆవిడ ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే చెప్పేశాను.



"అయితే తప్పు నాది గాదా?"

"కాదక్కా. నాది."

"సీటు పోయిన కాడి నుంచి మా ఆయనది ఒకటే మాట. ఒక ఫైల్ పంపుడు రాదు, నీకు ల్యాబ్ ఎందుకే అని. లోపటికి రా. ఆయన ముంగట చెప్పు."

వెళ్లాను. ఆయన సోఫాలో ల్యాప్‌టాప్‌తో ఉన్నాడు. నాలాంటి ఇంజనీరే. మొదటి నుంచి మళ్లీ చెప్పాను.

"సర్లే బ్రో, ఇట్స్ ఓకే" అన్నాడు.

"నువ్వెట్ల ఓకే అంటవు? పోయింది నా సీటు" అంది ఆవిడ.

ఆయన స్క్రీన్ కేసి చూశాడు. నేను కార్పెట్ కేసి చూశాను.

మీ చేతి కింద కూడా ఏదో ఒక ఫారం ఉండే ఉంటుంది. ఈ రోజే మీ ఫోన్‌తో ఒక సర్టిఫికెట్ ఫొటో తీసి దానికి పంపి చూడండి. వద్దంటే, ఎందుకు వద్దంటుందో మామూలు మాటల్లో రాయండి. ఆ తర్వాత, అది ఇప్పటికే తిప్పి పంపినవాళ్లెవరో వెతకండి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, తప్పు మీదని వాళ్ల ఇంట్లోవాళ్లకు కూడా వినపడేలా చెప్పండి.