వరుసలో మాటలొద్దన్న ఏడు

మొన్న తెనాలి బస్టాండు ముందు రోడ్డు దాటుతుంటే వరినారు కట్టలు వేసుకున్న ఆటో ఒకటి పక్కనుంచి వెళ్ళింది. వేళ్ళకంటిన బురద, తెగిన ఆకు పసరు, కాలవ నీళ్ళు కలిసిన ఆ తడివాసన తగిలేసరికి ఎటు వెళ్ళాలో మరిచిపోయి కాసేపు అక్కడే నిలబడిపోయాను.

రేపల్లె దగ్గర నగరం అనే ఊరు దాటాక మా ఊరు. కాలవకి నీళ్ళు వదిలిన పది రోజులకి పొలాలన్నీ అద్దాలు పరిచినట్టుండేవి. మబ్బులు కాళ్ళ కింద నడిచేవి, కొంగలు ఆ మబ్బుల్లోనే ముక్కులు ముంచి వెతుక్కునేవి. మా నాన్న అక్క మార్తమ్మత్త పన్నెండుమంది ఆడవాళ్ళ నాట్ల ముఠాకి పెద్ద. బడి లేని రోజున నేనూ అత్త పక్కనే వంగి నాటేదాన్ని. నాటేవాళ్ళు వెనక్కి వెనక్కి జరగాలి, అందరూ ఒక్కసారే జరగాలి, లేకపోతే వరుస వంకర పోతుంది. అందుకని చెయ్యి అందినంత మేరా నాటడం అయ్యేసరికి అత్త ఏ కబురు చెబుతున్నా దాని మధ్యలోనే "జరగండమ్మా" అని సాగదీసి అనేది, పన్నెండు జతల కాళ్ళు ఒకే చప్పుడుతో బురదలోంచి లేచేవి. మధ్యాహ్నం గట్టుమీద చద్దన్నంలోకి సముద్రం వైపు అడవులదీవి ఊరి ఎండుచేపలు, గోంగూర పచ్చడి. ఆ రుచి కూడా నాకు నీటి వాసనతోనే గుర్తు.

నాట్ల మధ్యలో ఒకరోజు సెలవు పెట్టుకుని ముఠా అంతా రేపల్లెలో మ్యాట్నీకి వెళ్ళడం ఆనవాయితీ. అయితే మా ఊరి బస్సు సినిమా అవకముందే బయల్దేరేది. కాబట్టి మా వాళ్ళెవరూ ఏ సినిమా ఆఖరూ చూసి ఎరగరు. మర్నాడు పొలంలో నాటుకుంటూ తలా ఒక మాట వేసి ఆఖరు వాళ్ళే కల్పించుకునేవాళ్ళు.

నేను చెప్పే ఆ ఏడు చూసింది ఏదో పరాయి దేశపు కథ, తెలుగు మాటలు పెట్టినది. ఆ దేశంలో ముగ్గురు కలిసి నిలబడితే నేరం. నవ్వినా కారణం చెప్పాలి. పొగమంచు కమ్మిన వీధుల్లో స్తంభం స్తంభానికీ మైకు, ప్రతి మైకులోనూ ఏలేవాడి గొంతే. ఒక టీచరమ్మ దొంగచాటుగా అచ్చువేసిన కాగితాలు సంచిలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. వంతెన మీద సిపాయి ఆపి "సంచి తెరువు" అన్నాడు. సరిగ్గా అప్పుడే, ముఠాలోకెల్లా వయసులో పెద్దది శారమ్మ లేచింది. "లెగండే, బస్సెళ్ళిపోద్ది!"

అలాంటి ఏలుబడిని నియంతృత్వం అంటారని చాలా ఏళ్ళకు రేపల్లె లైబ్రరీలో నాకు నేనే చదివి తెలుసుకున్నాను. అక్కడి బీరువాలో ఉన్న రాజకీయ పుస్తకాలన్నీ ఒక్కటీ వదలకుండా చదివానని చెప్పుకోవడం ఇప్పటికీ నాకు గొప్పే. కానీ అంతకు ముందే, సినిమా మర్నాడే, దాన్ని మేం నాటే మడిలో చూశాను.

ఆ ఉదయం పొలం ఆసామి కొడుకు చినబాబు గట్టుమీదికొచ్చి కొత్త రూలు పెట్టాడు. కబుర్లతో పని సాగడం లేదు, వరుసలో మాటలొద్దు. అత్త ఊరుకోలేదు. "ఆ సంచి తెరిచాడంటావా, శారమ్మా?" అంది.

"అంత తెలివిగల్లది ఇంకా సంచిలోనే పెట్టుకుంటదా? ఎప్పుడో చేరేసుంటది."

అందరూ గొల్లున నవ్వారు. చినబాబు మొహం ఎర్రబడింది. "మార్తమ్మా, నువ్వు గట్టెక్కు. రేపట్నించి రావద్దు." ఆ ముఠా తప్ప అత్తకి వేరే ఆసరా లేదు. బురద కాళ్ళతో గట్టెక్కి కూర్చుంది, కొంగుతో మొహం తుడుచుకుంది.

మేం చేతికందినంత మేరా నాటాం. "జరగండమ్మా" అనేవాళ్ళు లేరు. శారమ్మ నడుము ఎత్తి నిలబడింది. ఆమె పక్కనామె, ఆ పక్కనామె, అందరం.

"ఏంటమ్మా, ఆగారేం?"

జవాబు లేదు. మాటలొద్దన్నది ఆయనే. ఎండ ఎక్కుతోంది, పీకిన నారు కొసలు వాలుతున్నాయి. చినబాబు నా దగ్గరికొచ్చాడు. "పాపా, నువ్వైనా చెప్పమ్మా." నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పెదవి కొరుక్కుని నీళ్ళలో మబ్బుల వంక చూశాను. నేను నోరు తెరిస్తే అత్తకి రేపట్నించి పని ఉండదని మాత్రం తెలుసు. అందులో ఒక మబ్బు మడి ఇవతలనుంచి అవతలికి చేరేదాకా ఎవరూ కదల్లేదు.

"మాట్లాడండమ్మా, మీకు దణ్ణం పెడతా! మార్తమ్మా, దిగు తల్లీ!"

అత్త తొందరపడకుండా దిగింది. చీర ఎగదోపుకుని, వరుసలో తన చోట నిలబడి, "జరగండమ్మా" అంది.

పోయినేడు ఆ సినిమా ఫోనులో దొరికితే, బాపట్లలో కూతురి దగ్గరున్న అత్తకి చూపించాను. సిపాయి సంచి తెరిచి, ఒక కాగితం చదివి, మళ్ళీ మడిచి లోపల పెట్టి, టీచరమ్మని వెళ్ళనిస్తాడు. అంతే.

"మరి ఆ ఏలేవాడు?"

"వాడు అట్టాగే ఉన్నాడత్తా."

"అయితే సినిమా ఇంకా అవ్వలేదే. తీసినోళ్ళకి కూడా బస్సు టైమయ్యుంటది."

రేపల్లెలో ఆ హాలు ఇప్పుడు లేదు, శారమ్మ లేదు. ఆ మడిలో ఇప్పుడు మిషనుతో నాటుతున్నారు. ఈమధ్య వెళ్ళి గట్టుమీద నిలబడ్డాను. నీళ్ళలో మబ్బులు అలాగే ఉన్నాయి. మిషను నడిపే అతను చెవుల్లో ఏదో పెట్టుకుని తన లోకంలో తానున్నాడు. వరుసలు మాత్రం దారం పట్టినట్టు తిన్నగా ఉన్నాయి. అంత పొలంలోనూ ఒక్క మాట లేదు. ఎవరూ వద్దనలేదు.