కొడుకు పాము కక్కితే తుడిచే జరీనా

ముందే చెప్తున్నా, అన్నం తింటూ చదవకండి.

దేశం కాని దేశంలో, ఈ టూంగాబీలో మా పక్కింటి జరీనాది నెల్లూరు. భర్త లేడు. పక్కనున్న వెస్ట్‌మీడ్‌లో ఇళ్లు శుభ్రం చేసి కొడుకు ఫైజాన్‌ని పెంచింది. ఎవరి బాత్‌రూమైనా ముక్కు మూసుకోకుండా కడిగేస్తుంది. మా ఇంటికొచ్చినా వెళ్లేటప్పుడు టోస్టర్ స్విచ్ ఆపిగానీ పోదు. అలాంటి మనిషి ఆ సాయంత్రం రబ్బరు గ్లవ్స్‌తోనే పరిగెత్తుకొచ్చి మా పూలకుండీలో వాంతి చేసుకుంది.

"మళ్లా కక్కింది అక్కా, ఆ దరిద్రం."

దరిద్రం అంటే ఫైజాన్ పెంచే కొండచిలువ. పేరు లడ్డూ. అప్పుడప్పుడూ ఒక ఎలుకను పెడతాడు. ఈ చలికాలం మొదలైన దగ్గర్నుంచి మింగిన ఎలుకను నాలుగు రోజులకే బయటికి తోసేస్తోంది. వెళ్లి చూశాను. బొచ్చు సగం ఊడిన ఎలుక, నీలంగా ఉబ్బిన పొట్ట, పైన చీమిడిలా జిగురు. ఆ వాసన కంటే వారం పాటు మరిచిపోయిన చేపల పులుసే నయం. పాము దాని గాజుపెట్టెలో ఒక మూల గాలి పోయిన సైకిల్ ట్యూబులా పడుంది. జరీనా చున్నీ ముక్కుకి కట్టుకుని, పాత పట్టకారుతో ఎలుకను ఎత్తి కవర్లో వేసింది. కవర్లో అది మెత్తగా చితికిన చప్పుడు నాకింకా వినిపిస్తూనే ఉంది.

ఫైజాన్ పని నుంచి వచ్చాడు. పామును చూశాడు, తల్లిని చూశాడు.

"ఏం పెట్టావమ్మీ దీనికి?"

"నేనేం పెడతా? దాని మొహం చూస్తేనే రోత నాకు."

"అదే కదా. నీకు ఫస్ట్ నుంచి పడదు. సీరియస్‌గా అడుగుతున్నా, నీళ్లలో విషమేమన్నా కలిపావా?"

జరీనా కవరుకి ఇంకో ముడి వేసింది.

"ఇది చచ్చిపోతే నేనీ ఇంట్లో ఉండను" అని వాడు గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

మర్నాడు పాముల డాక్టరమ్మ దగ్గరికి జరీనా కూడా బయల్దేరింది. "విషం పెట్టానో లేదో ఆమే చెప్పాలి. నువ్వూ రా అక్కా" అంది. కార్లో పామున్న దిండు గలేబు నా ఒళ్లో పెట్టారు. చల్లగా, తడిగా కదిలింది. దారంతా కిటికీలోంచే చూశాను.

డాక్టరమ్మ దాని నోరు తెరిచి చూసింది, ఎక్స్‌రే తీసింది. నోట్లో పుండ్లు లేవు, ఊపిరితిత్తులు బాగున్నాయి. పెట్టెలో వేడి ఎంత ఉంటోందని అడిగింది.

"బాగానే ఉంటోంది. పడుకునే ముందు చూస్తా" అన్నాడు ఫైజాన్.

"మరి పగలు?"

"పగలు నేనుండను."

పాముకి సొంతంగా ఒంట్లో వేడి పుట్టదట. బయట వెచ్చగా లేకపోతే తిన్నది అరగక లోపలే కుళ్లుతుందట, అప్పుడు కక్కేస్తుందట. ఫైజాన్ తెలుగులో చెప్తుంటే 'కుళ్లుతుంది' దగ్గర నేను వినడం మానేశాను. జరీనా మానలేదు.

"ఆ వేడి ఎక్కణ్ణుంచి వస్తదిరా?"

"పెట్టె కింద మ్యాట్ ఉంది కదమ్మీ, కరెంటుది."

"తెల్ల వైరా? సోఫా వెనకాల స్విచ్చా?"

ఫైజాన్ తలెత్తాడు.

నెల్లూరులో వాళ్ల టైలరింగ్ షాపు ఇస్త్రీపెట్టె ఆపకపోవడంతో కాలిపోయింది. అప్పట్నుంచి జరీనా ఇల్లు కదిలితే ఫ్రిజ్ తప్ప స్విచ్చులన్నీ ఆపేస్తుంది, వచ్చాక వేస్తుంది.

"రోజూ నేనే ఆపుతున్నా" అంది. "అది దాని దుప్పటని నాకెవరు చెప్పారు?"

తిరిగొచ్చేటప్పుడు ఫైజాన్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు. "సారీ అమ్మీ. విషం అన్నాను."

"అన్నావు. ఇన్నాళ్లూ ఆ కక్కు ఎత్తింది నేను. ఇంకోసారి కక్కితే నువ్వెత్తు."

మళ్లీ కక్కలేదు. జరీనా ఇప్పటికీ పనికి పోయేముందు స్విచ్చులన్నీ ఆపుకుంటూ వస్తుంది. ఆ ఒక్కటి మాత్రం వదిలేసి, గాజుపెట్టె మీద అరచెయ్యి ఆనించి చూస్తుంది. వెచ్చగా ఉంటే వెళ్లి సబ్బుతో రెండుసార్లు చెయ్యి కడుక్కుంటుంది. ఎలుక పడ్డాక పాము పొట్టలో ఆ ఉబ్బు కనిపిస్తూ ఉంటుంది కదా, అది తగ్గేదాకా జరీనా అన్నం మా ఇంట్లోనే తింటుంది.